మాయాబజార్ గోంగూర నుంచి జిన్ టానిక్ దాకా: గొలుసు ప్రశ్నలు (పాత సినిమాలు, మొక్కలు, టీవీ కామెడీ, తిండి, కాక్‌టెయిల్స్)

పాత_రీలు (శుక్రవారం, రాత్రి 8.40)
అందరికీ నమస్కారం. ఈసారి గొలుసు ప్రశ్నలు ఆడదాం. సరైన జవాబు చెప్పినవాళ్ళే తర్వాతి ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నకు ముందు జవాబుతో ఏదో ఒక చుట్టరికం ఉండాలి. సినిమా అయినా, మొక్క అయినా, టీవీ హాస్యం అయినా, వంట అయినా, మందు గ్లాసు అయినా సరే. నెట్‌లో వెతక్కండి, తెలిసింది రాయండి. పక్కవిషయాలకు అడ్డు లేదు, అసలు మజా వాటిలోనే ఉంటుంది.

మొదటి ప్రశ్న తేలిగ్గా. 1957 మాయాబజార్‌లో ఒక ఆకుకూరను ఏకంగా దేవతా ప్రసాదం అని పొగుడుతారు. ఏ కూర? ఏ పాత్రలు?

వంటిల్లు_వసుధ (రాత్రి 8.52)
గోంగూర! శర్మ, శాస్త్రి మాట్లాడుకునే చోట వస్తుంది. శాకంబరీ దేవి ప్రసాదం, ఆంధ్ర శాకం అంటారు. అల్లు రామలింగయ్య, వంగర వెంకటసుబ్బయ్య ఇద్దరూ ఆ మాట అనేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి, నోట్లో ముద్ద ఉన్నట్టే ఉంటుంది. గోంగూర మీద అంత భక్తి చూపించిన సీను నాకు తెలిసి ఇంకో సినిమాలో లేదు.

నల్గొండ_శ్రీను (రాత్రి 9.05)
ఆంధ్ర శాకం అంటే ఎట్లా అక్కా, మా దిక్కు పుంటికూర లేని ఇల్లు ఉంటదా? పుంటికూర మటన్ లేకుంటే మా ఇంట్ల దావత్ కాదు. ఆ సినిమా మాటలు రాసిన పింగళి గారు కృష్ణా జిల్లాలో పెరిగారు కాబట్టి అట్లా రాసి ఉంటారు, అది ఒప్పుకుంటా. కానీ కూర మాత్రం అందరిదీ.

బోటనీ_మాస్టారు (రాత్రి 9.20)
శ్రీను, కూర అందరిదీ అన్నావు, ఆ మాటను ఇంకొంచెం దూరం తీసుకెళ్తాను. గోంగూర అని మనం తినేవి రెండు జాతులు. రెండూ మందార కుటుంబమే: హైబిస్కస్ కన్నాబినస్, హైబిస్కస్ సబ్డరిఫా. రెండింటి పుట్టిల్లూ ఆఫ్రికా. మనం ఆకు తింటాం, కాండం నుంచి నార తీస్తాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు పంట వేసేది కూర కోసం కాదు, నార కోసం. కోసిన కట్టలను నీళ్ళలో ఊరబెట్టి నార ఒలుస్తారు, అది గోనె సంచుల మిల్లులకు వెళ్తుంది. ఒకే మొక్క ఆకు పచ్చడి జాడీలోకి, కాండం బియ్యం బస్తాలోకి పోతుందన్నమాట.

వంటిల్లు_వసుధ (రాత్రి 9.31)
మాస్టారు గారూ, ఎప్పటి నుంచో మనసులో ఉన్న ప్రశ్న. పాలకూర నూనెలో మగ్గినా పచ్చగానే ఉంటుంది. గోంగూర మాత్రం బాణలిలో పడీ పడగానే రంగు మారిపోతుంది. గరిటెతో ఒకసారి తిప్పేలోపే అంచుల నుంచి గోధుమ రంగు పాకుతుంది. ఎందుకని?

బోటనీ_మాస్టారు (రాత్రి 9.44)
పులుపు వల్ల అమ్మా. ఆకు పచ్చదనానికి కారణమైన పత్రహరితం మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. వేడి తగిలి ఆకు కణాలు చిట్లితే లోపలి ఆమ్లం బయటికి వచ్చి ఆ మెగ్నీషియాన్ని ఊడదీస్తుంది. అది పోయాక మిగిలేదే ఆ ఆలివ్ గోధుమ రంగు. పాలకూరలో అంత పులుపు లేదు కాబట్టి కాసేపు నిలబడుతుంది. చింతచిగురు పప్పులో కూడా ఇదే గమనించవచ్చు.

పాత_రీలు (రాత్రి 10.02)
వసుధ గారి జవాబు సరైనదే. ఆవిడ ప్రశ్న వచ్చేలోపు అదే సినిమాలోని 'వివాహ భోజనంబు' పాట గురించి నాలుగు మాటలు. రాసింది పింగళి నాగేంద్రరావు, పాడింది మాధవపెద్ది సత్యం, తెర మీద ఎస్వీ రంగారావు. ఇది సినిమా కంటే ముందే నాటకాల్లోనూ గ్రామఫోన్ రికార్డుల్లోనూ వేరే రూపంలో ఉండేదని పాత రికార్డులు సేకరించేవాళ్ళు చెబుతారు. ఇంగ్లండులో 1922లో చార్లెస్ పెన్‌రోజ్ పాడిన 'ది లాఫింగ్ పోలీస్‌మన్' అనే నవ్వుల పాట ఉంది. వింటే ఘటోత్కచుడి నవ్వు వరస వెంటనే గుర్తొస్తుంది. పెన్‌రోజ్ కూడా ఆ బాణీని జార్జ్ డబ్ల్యూ. జాన్సన్ అనే నల్లజాతి గాయకుడి 'లాఫింగ్ సాంగ్' నుంచి తీసుకున్నాడు. జాన్సన్ బానిసత్వంలో పుట్టిన మనిషి. 1890ల్లో అమెరికాలో మొదటిసారి రికార్డు మీదకెక్కిన నల్లజాతి గాయకుల్లో ఒకడు. అలాంటి మనిషి గొంతులో పుట్టిన నవ్వుకు, మన పెళ్ళి విందు పాటకు చుట్టరికం ఉందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

తెనాలి_మూర్తి (రాత్రి 10.20)
ఆ పాటలో పింగళి గారు వరుసగా చెప్పిన వంటలు చూడండి: గారెలు, బూరెలు, అరిసెలు, లడ్డూలు, ఫేణీలు, జిలేబి, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. మిరపకాయ కూర ఒక్కటీ లేదు, బంగాళదుంప లేదు, టమాటా లేదు. ఆ మూడూ అమెరికా ఖండాల పంటలు, పోర్చుగీసు వాళ్ళు సముద్రం దాటి వచ్చాకే మన దేశానికి వచ్చాయి. శ్రీనాథుడు తిన్న విస్తట్లో కూడా ఎండుమిరపకాయ ఉండే అవకాశం లేదు, కారం అంటే మిరియాలే. ద్వాపర యుగపు విందుకు రాసుకున్న జాబితాలో జిలేబి మాత్రం తర్వాత వచ్చిన చుట్టం. పశ్చిమాసియా 'జలాబియా' మన వైపుకు వచ్చి జిలేబి అయింది.

నల్గొండ_శ్రీను (రాత్రి 10.26)
జిలేబిని తీసేస్తే ఆ పాట పాడలేం మూర్తి గారూ. ఘటోత్కచుని ఇష్టానికి వదిలేద్దాం.

వంటిల్లు_వసుధ (రాత్రి 10.40)
రెండో ప్రశ్న. ఎర్ర కాడ గోంగూర పువ్వు వాడి రాలాక, కాయ చుట్టూ ఎర్రగా, కండగా, పుల్లగా ఒక తొడుగు మిగులుతుంది. మన ఊళ్ళలో చాలామంది దాన్ని విత్తనాల కోసం తప్ప పట్టించుకోరు. ప్రపంచంలో చాలాచోట్ల దానితో పానీయం చేస్తారు. ఎక్కడెక్కడ? ఏ పేర్లతో?

డల్లాస్_రవి (రాత్రి 11.15)
ఇది నాకు రోజూ కనిపించేదే. ఇక్కడ మెక్సికన్ హోటల్లో గాజు జాడీల్లో ఎర్రగా మెరుస్తూ ఉండేది 'ఆగ్వా దె హమైకా', అంటే గోంగూర పూల నీళ్ళే. ఈజిప్టు, సూడాన్‌లలో 'కర్కదే', పెళ్ళిళ్ళలో కూడా ఇస్తారు. సెనెగల్ వైపు 'బిస్సాప్'. జమైకాలో 'సారెల్', అది క్రిస్మస్ పానీయం, అల్లం వేసి మరిగించి పెద్దవాళ్ళ గ్లాసులో రమ్ కలుపుతారు. బార్లలో ఈ ఎర్ర తొడుగును చక్కెర పాకంలో ఊరబెట్టి మెరిసే వైన్ గ్లాసు అడుగున వేస్తారు. బుడగలు దాని చుట్టూ ఎక్కుతుంటే నెమ్మదిగా విచ్చుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు బార్ మనిషికి మా అమ్మ గోంగూర పచ్చడి గురించి చెప్పాను. ఆకు కూడా తింటారా అని అతను కాగితం తీసుకుని రాసుకున్నాడు.

మల్లెతీగ (రాత్రి 11.22)
రవి గారూ, మందు లేకుండా ఇంట్లో చేసుకునే పద్ధతి రాయండి. మా పెరట్లో ఎర్ర గోంగూర కాయలు బోలెడు ఉన్నాయి.

డల్లాస్_రవి (రాత్రి 11.38)
కాయ లోపలి గింజల బుడిపె తీసేసి ఎర్ర తొడుగులు మాత్రమే తీసుకోండి. గుప్పెడు తొడుగులకు నాలుగు గ్లాసుల నీళ్ళు, దంచిన అల్లం ముక్క. పది నిమిషాలు మరిగించి మూతపెట్టి చల్లారనివ్వండి. వడకట్టి చక్కెరో బెల్లమో కలిపి, చివర్లో నిమ్మకాయ పిండండి. స్టీలు గిన్నె వాడండి, పులుపు వల్ల అల్యూమినియం వద్దు. పిల్లలకు ఒక సరదా కూడా చూపించవచ్చు. కొంచెం రసం వేరే గ్లాసులోకి తీసి చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపు పోయి నీలంగా, ఇంకా వేస్తే పచ్చటి మురికి రంగులోకి మారుతుంది. నిమ్మరసం పోస్తే మళ్ళీ ఎరుపు.

నా ప్రశ్న. 1959 హాలీవుడ్ కామెడీ. రాత్రి రైలు, పై బెర్తులో ఆడవాళ్ళ పార్టీ. రబ్బరు వేడినీళ్ళ సంచిలో ఒక కాక్‌టెయిల్ కలుపుతారు. సినిమా ఏది, కాక్‌టెయిల్ ఏది?

మల్లెతీగ (శనివారం, ఉదయం 6.50)
'సమ్ లైక్ ఇట్ హాట్', బిల్లీ వైల్డర్ తీశాడు. మార్లిన్ మన్రో, టోనీ కర్టిస్, జాక్ లెమన్. కాక్‌టెయిల్ మన్‌హటన్: విస్కీ, తీపి వెర్మూత్, రెండు చుక్కల బిట్టర్స్ (చేదు మూలికల సారం). కథ జరిగేది 1929లో. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. అందుకే సీసా దాచుకోవడం, వేడినీళ్ళ సంచి, పై బెర్తు. ఆ సీన్‌లో ఒక్కొక్కరుగా చేరి చివరికి బెర్తులో కాలు పెట్టే చోటు లేకుండా పోతుంది. నవ్వు అంతా ఆ ఇరుకులోనే ఉంది.

తెనాలి_మూర్తి (ఉదయం 7.30)
నిషేధం అనగానే మన రాష్ట్రం గుర్తొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడ్డారు, ఉద్యమం జిల్లా దాటి పాకింది. 1993లో సారా మీద నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, మాయాబజార్‌లో కృష్ణుడు వేసిన రామారావు గారే. 1997లో ఎత్తేశారు. దూబగుంట గురించి మనం మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోలేదని నా బాధ. అక్షరాలు దిద్దుకునే బడిలో మొదలైన ఉద్యమం అది.

పాత_రీలు (ఉదయం 7.41)
మూర్తి గారూ, బాగా గుర్తు చేశారు. పార్టీల రాజకీయాల్లోకి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు. మల్లెతీగ గారు, ప్రశ్న మీది.

మల్లెతీగ (ఉదయం 8.15)
మన్‌హటన్‌లో వేసే వెర్మూత్ అంటే మూలికలు ఊరబెట్టిన వైన్. దానికి సంప్రదాయంగా వాసన, చేదు ఇచ్చే మొక్కకు దగ్గరి చుట్టం ఒకటి మనింట్లో ఏడాదికి ఒకసారి పూజకు వస్తుంది. ఇంకో చుట్టం పూలదండలోకి వస్తుంది. రెండూ చెప్పాలి.

తెనాలి_మూర్తి (ఉదయం 8.40)
మొదటిది మాచిపత్రి! వినాయక చవితి ఏకవింశతి పత్ర పూజలో మొట్టమొదటి ఆకు. రెండోది దవనం అయి ఉండాలి. మా తెనాలి పూలకొట్లలో కనకాంబరం మాలకు మధ్య మధ్య దవనం రెబ్బ పెడతారు, ఇంటికొచ్చి దండ విప్పినా చేతికి వాసన పోదు.

బోటనీ_మాస్టారు (ఉదయం 9.10)
రెండూ సరైనవే. వెర్మూత్‌లో వేసేది ఆర్టెమీసియా అబ్సింథియం, మాచిపత్రి ఆర్టెమీసియా వల్గారిస్, దవనం ఆర్టెమీసియా పాలెన్స్. ఒకే ప్రజాతి, వేరువేరు జాతులు. కాబట్టి చవితి నాడు తెచ్చిన మాచిపత్రిని మాత్రం ఎవరూ సీసాలో ఊరబెట్టకండి. ఇదే కుటుంబంలో ఇంకో గొప్ప మొక్క ఉంది, ఆర్టెమీసియా అన్నువా. దాని నుంచి చైనా శాస్త్రవేత్త తూ యూయూ మలేరియా మందు ఆర్టెమిసినిన్ వెలికి తీసింది. పాత చైనా వైద్య గ్రంథాల్లో ఆకును నీళ్ళలో నానబెట్టి పిండమని ఉండటం చూసి, వేడి చేస్తే గుణం పోతోందని గ్రహించింది. 2015లో నోబెల్ వచ్చింది.

తెనాలి_మూర్తి (ఉదయం 9.25)
మాస్టారు గారు నాకు దారి చూపించారు. ప్రశ్న: మలేరియా రహస్యం తేలింది మన తెలుగు నేల మీదే. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు? ఆ జ్వరం మందు రుచి ఇప్పటికీ మిగిలి ఉన్న ప్రసిద్ధ కాక్‌టెయిల్ ఏది?

నల్గొండ_శ్రీను (ఉదయం 9.33)
సికింద్రాబాద్! నా డిగ్రీ కాలేజీ రోజుల్లో బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దగ్గర బస్సు దిగి ఆ బిల్డింగ్ చూసిన. రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20. మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు కోసి చూస్తే అందులో మలేరియా పరాన్నజీవి కనబడ్డది. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించుకోనిచ్చి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడట రాస్. 1902లో నోబెల్ వచ్చింది రాస్‌కు. ఆ అణాల హుసేన్ ఖాన్ పేరు కూడా అక్కడ పెద్దగా రాసి పెట్టాలని నా కోరిక, ఆయన రక్తం లేకపోతే ఆ దోమ కడుపులో ఏముంటది? ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. కాక్‌టెయిల్ జిన్ అండ్ టానిక్.

డల్లాస్_రవి (ఉదయం 10.05)
శ్రీను తమ్ముడూ, శభాష్. టానిక్ నీళ్ళ చేదు క్వినైన్‌ది, మన పెద్దవాళ్ళు కొయినా అనేవారు. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడు నుంచి వస్తుంది. బ్రిటిష్ వాళ్ళు 1860ల్లో నీలగిరుల్లో సింకోనా తోటలు వేశారు. 1858లో లండన్‌లో ఎరాస్మస్ బాండ్ క్వినైన్ కలిపిన సోడాకు పేటెంట్ తీసుకున్నాడు. ఇండియాలో తెల్లదొరలు చేదు మందును చక్కెర, సోడా, నిమ్మకాయలతో మింగుతూ, అందులోకి జిన్ చేర్చారు. మందు కోసం మొదలైంది, మందు సీసాలోకి చేరింది.

ఒక ప్రయోగం. చీకటి గదిలో టానిక్ నీళ్ళ గ్లాసు మీద, నోట్లు పరీక్షించే ఆ ఊదారంగు లైటు వేయండి. నీళ్ళు నీలంగా వెలుగుతాయి. మామూలు సోడా పక్కన పెట్టి చూడండి, అది నల్లగానే ఉంటుంది. క్వినైన్‌కు ఉన్న గుణం అది. పిల్లలు గంటసేపు ఆ గ్లాసు దగ్గర నుంచి కదలరు.

వంటిల్లు_వసుధ (ఉదయం 10.20)
అందరికీ ఒక మాట. టానిక్ నీళ్ళు తాగితే జ్వరం తగ్గుతుందని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో లీటరుకు దాదాపు 83 మిల్లీగ్రాములకు మించి క్వినైన్ ఉండకూడదని నియమం. వైద్యానికి కావాల్సిన మోతాదు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా తీసుకోవద్దు. చలిజ్వరం వస్తే రక్తపరీక్షే దారి.

నల్గొండ_శ్రీను (ఉదయం 10.45)
నా ప్రశ్న, సీసా నుంచి సీసాకు. 1953 దేవదాసు. 'జగమే మాయ' పాటలో నాగేశ్వరరావు గారి కళ్ళు చూస్తే నిజంగా తాగిన మనిషే అనిపిస్తది. ఆ కళ్ళకు ఆ మత్తు ఎట్లా వచ్చింది?

పాత_రీలు (ఉదయం 11.00)
పెరుగన్నం! అక్కినేని గారే చాలాసార్లు చెప్పిన సంగతి. తాగుడు సీన్లను రాత్రిపూట తీసేలా చూసుకున్నారు. రాత్రి కడుపు నిండా పెరుగన్నం తిని, నిద్ర ముంచుకొస్తుంటే కెమెరా ముందు నిలబడేవారు. రెప్పలు బరువెక్కి వాలిపోతుంటే దాన్నే నటనగా మలుచుకున్నారు. చుక్క మందు లేకుండా తెలుగు సినిమాలో అందరికంటే గొప్ప తాగుబోతు పుట్టింది పెరుగన్నం లోంచి. వేదాంతం రాఘవయ్య దర్శకత్వం, సుబ్బరామన్ సంగీతం, ఘంటసాల గొంతు. సముద్రాల మాటల మీద ఘంటసాల గొంతు ఊగుతూ ఉంటే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది.

తెర మీది తిండి వెనక ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. చాప్లిన్ 'ది గోల్డ్ రష్'లో (1925) ఆకలికి బూటు ఉడకబెట్టుకుని తింటాడు. మేకుల్ని చేప ముళ్ళలా చప్పరిస్తాడు, లేసుల్ని నూడుల్స్‌లా చుట్టుకుంటాడు. ఆ బూటు దేనితో చేశారో ఎవరైనా చెప్తారా? ఇది లెక్కలోకి రాదు, చిన్న ప్రశ్న.

మల్లెతీగ (ఉదయం 11.20)
లికరిస్ మిఠాయితో. అంటే మన అతిమధురం వేరు రసంతో చేసే నల్ల మిఠాయి! దగ్గుకు అమ్మమ్మలు బుగ్గన పెట్టమనే వేరు అదే. కొంచెం తింటే గొంతుకు హాయి, ఎక్కువైతే విరేచనాలు. టేకుల మీద టేకులు తీసేసరికి చాప్లిన్‌కూ పక్కన ఉన్న మాక్ స్వెయిన్‌కూ కడుపు పాడయింది. 1960లో హిచ్‌కాక్ 'సైకో' స్నానాల గదిలో పారే రక్తం చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కాబట్టి చెల్లింది.

టీవీ నుంచి ఒకటి. 'ఐ లవ్ లూసీ'లో 1952లో వచ్చిన ఎపిసోడ్. లూసీ ఒక బలం టానిక్ ప్రకటనకు రిహార్సల్ చేస్తూ చెంచా తర్వాత చెంచా తాగుతుంది. అందులో 23 శాతం ఆల్కహాల్ అని ఆమెకు తెలియదు. మొదట మొహం వికారంగా పెట్టి మింగుతుంది, నాలుగైదు చెంచాలకు సీసాను ప్రేమగా చూడటం మొదలుపెడుతుంది, మాట తడబడుతుంది, ఆ టానిక్ పేరే నోరు తిరగదు. సెట్లో సీసాలో పోసింది ఆపిల్ పెక్టిన్ (ఆపిల్ నుంచి తీసే జిగురు పదార్థం) అని లూసిల్ బాల్ చెప్పింది. అక్కినేని గారి పెరుగన్నం పక్కన ఈ పెక్టిన్‌ని పెట్టాలి.

పాత_రీలు (ఉదయం 11.45)
టీవీకి వచ్చాం కాబట్టి లెక్కలోకి వచ్చే ప్రశ్న. రెండు టీవీ కామెడీలు. ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లిష్. రెండింటి కథా ఒక హోటల్ చుట్టూ, రెండింటి యజమానీ ఏ పని మొదలుపెట్టినా మెడకు చుట్టుకుంటుంది. పేర్లు, వివరాలు?

డల్లాస్_రవి (మధ్యాహ్నం 12.10)
అమృతం! ఇది అడగాలా! జెమినీ టీవీ, 2001 నుంచి 2007 దాకా, గుణ్ణం గంగరాజు గారిది. హోటల్ పేరు అమృత విలాస్. అమృతరావు, ఆంజనేయులు, సర్వర్ సర్వం, ఇంటి ఓనర్ అప్పాజీ. అమృతరావు పాత్రలో శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ మారినా, అంజి మాత్రం మొదటి నుంచి చివరి దాకా గుండు హనుమంతరావు గారే. అందుకే నాకు ఆ సీరియల్ వెన్నెముక అంజి అనిపిస్తుంది. అమృతరావు ఏ వెర్రి ఆలోచన చెప్పినా అంజి ఒక్క క్షణం ఆగి, నమ్మేసి, బయల్దేరతాడు. ఆ ఒక్క క్షణం మీదే ఎపిసోడ్ నిలబడుతుంది. టైటిల్ పాట సిరివెన్నెల గారు రాశారు, కళ్యాణి మాలిక్ సంగీతం. కష్టాలు వస్తే బెంగపడొద్దని అంజికి చెప్పే ఆ పాట, పరాయి దేశంలో ఉద్యోగం పోయిన టెన్షన్‌లో నాకు నిజంగా ధైర్యం ఇచ్చింది.

ఇంగ్లిష్‌ది ఏదో మూర్తి గారు చెప్పాలి.

తెనాలి_మూర్తి (మధ్యాహ్నం 12.40)
'ఫాల్టీ టవర్స్', బీబీసీ. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు. జాన్ క్లీజ్ హోటల్ యజమాని. 'వాల్డార్ఫ్ సలాడ్' ఎపిసోడ్‌లో ఒక అమెరికన్ అతిథి ఆ సలాడ్ అడుగుతాడు. అదేంటో తెలియక, వాల్డార్ఫ్‌లు అయిపోయాయని చెప్పేస్తాడు యజమాని. ఆ సలాడ్ 1890ల్లో న్యూయార్క్ వాల్డార్ఫ్ హోటల్లో పుట్టింది. మొదట్లో ఆపిల్, సెలరీ, మయోనీజ్ మాత్రమే, అక్రోటు తర్వాత చేరింది. అమృతంలో కూడా ఇలాంటి యజమానే, కానీ మనవాడికి మనసు మెత్తన. అందుకే మన ఇళ్ళలో అంత దగ్గరయ్యాడు. అంతకు ముందు తరానికి దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి 'ఆనందో బ్రహ్మ' ఉండేది, ఆ ముక్కు మాటలు, ఆ వెటకారం తర్వాత సినిమాల్లో అందరూ చూశారు.

ఉట్నూరు_టీచర్ (మధ్యాహ్నం 1.15)
నమస్తే. రాత్రి నుంచి చదువుతున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. రవి గారు అనుమతిస్తే ఈసారి ప్రశ్న నేను అడుగుతాను. అమృతం క్షీరసాగర మథనంలో పుట్టింది కదా. దానితోపాటే పుట్టిన ఒక చెట్టు, దాని పువ్వు మీద సవతుల గొడవ, ఆ గొడవ మీద 1966లో రామారావు, జమున గార్ల సినిమా. చెట్టు పేరు, సినిమా పేరు, ఆ చెట్టు ప్రత్యేకత?

డల్లాస్_రవి (మధ్యాహ్నం 1.20)
తప్పకుండా టీచర్ గారూ.

మల్లెతీగ (మధ్యాహ్నం 1.32)
పారిజాతం, 'శ్రీకృష్ణ తులాభారం'. 'మీరజాలగలడా నా యానతి' సుశీల గారు పాడారు. అంతకు ఎంతో ముందు స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో రంగస్థలం మీద ఆ పాటతో జనాన్ని కట్టిపడేశారు. చెట్టు ప్రత్యేకత: పూలు రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున తమంతట తామే రాలిపోతాయి. తెల్లటి రేకులు, నారింజ రంగు కాడ. ఆ కాడలతో పూర్వం బట్టలకు రంగు అద్దేవారు. నేల మీద పడిన పువ్వు పూజకు పనికిరాదంటారు, పారిజాతానికి మాత్రం మినహాయింపు.

బోటనీ_మాస్టారు (మధ్యాహ్నం 2.05)
పారిజాతం శాస్త్రనామం నిక్టాంథిస్ ఆర్బర్ ట్రిస్టిస్. అయితే ఉత్తరప్రదేశ్ బారాబంకీ జిల్లా కింతూర్‌లో జనం పారిజాతమని పూజించే మహావృక్షం వేరే, అది ఆఫ్రికా బావోబాబ్. మనకు కూడా అలాంటిది ఒకటి ఉంది. గోల్కొండ నయా ఖిల్లాలో 'హతియాన్ కా ఝాడ్'. చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు, వయసు నాలుగు వందల ఏళ్ళకు పైనే అంటారు. మాను లోపల బోలుగా ఉంటుంది, సన్నటి సందులోంచి దూరి లోపలికి వెళ్తే గదిలో ఉన్నట్టే. బెరడు ఏనుగు చర్మంలా ముడతలు. గోంగూర, బావోబాబ్, రెండూ ఆఫ్రికా నుంచి వచ్చి మన దగ్గర వేళ్ళూనాయి. విచిత్రం ఏమిటంటే రెండూ మందార కుటుంబానివే.

ఉట్నూరు_టీచర్ (మధ్యాహ్నం 2.40)
మల్లెతీగ గారు, సరైన జవాబు. మా అడవిలో తెల్లవారుజామున రాలే పువ్వు ఇంకోటి ఉంది, ఇప్పపువ్వు. ఎండాకాలం మొదట్లో చీకటి ఉండగానే గంపలు పట్టుకుని వెళ్తారు. చెట్టు కింద నేల ఊడ్చి శుభ్రం చేసి ఉంచుతారు, పువ్వుకు మట్టి అంటకుండా. పసుపు తెలుపు రంగులో, ద్రాక్షపండులా కండగా, రసంగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే తియ్యగా మత్తు వాసన. ఎలుగుబంట్లకు కూడా ఇదంటే ప్రాణం, అందుకే ఒంటరిగా వెళ్ళరు. బయటివాళ్ళకు ఇప్ప అంటే సారాయే గుర్తొస్తుంది, అది మాకు బాధ. ఎండబెట్టి వేయించి, నువ్వులు, పల్లీలు, బెల్లంతో దంచి లడ్డూలు చేస్తారు మా ఆడవాళ్ళు. పిల్లలకూ గర్భిణులకూ ఎంతో మంచిది. ఘటోత్కచుడి లడ్డూల్లో ఇది కూడా ఉంటే బాగుండేది.

మల్లెతీగ (మధ్యాహ్నం 3.00)
టీచర్ గారూ, ఆ లడ్డూ కొలతలు దయచేసి విడిగా రాయండి, వసుధ గారూ నేనూ చేసి ఫొటోలు పెడతాం.

నా ప్రశ్న చెట్టు నుంచే: గీత కార్మికులు తాటిచెట్టు మీద కట్టే లొట్టి లోపల కొన్నిసార్లు సున్నం పూస్తారు. ఎందుకు? పూయకపోతే సాయంత్రానికి ఏమవుతుంది?

నల్గొండ_శ్రీను (మధ్యాహ్నం 3.04)
ఇది మా ఊరి ప్రశ్న! సున్నం పూస్తే పులవదు, తియ్యటి నీరా దిగుతది. పూయకపోతే గాలిలో, లొట్టిలో ఉండే ఈస్టులు చక్కెరను తినేసి పొద్దెక్కేసరికి కల్లు చేస్తాయి, సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతది, ఇంకా ఉంచితే వెనిగర్. తర్వాతి ప్రశ్న రాత్రి భోజనాలయ్యాక పెడతా. గుండమ్మ కథలో రామారావు గారు రుబ్బురోలు తిప్పే పాట మీద ఉంటది, అందరూ రెడీగా ఉండండి. వసుధక్కా, గారెల పిండి గురించి మీకే ఎక్కువ తెలుసు, మీరు పది నిమిషాలు ఆగి జవాబు చెప్పాలె.